దించడం

అరవై మీటర్లు నాకెప్పుడూ దూరం కాలేదు.
గడ్డానికీ చెవికీ మధ్య
నాలుగు వేళ్ల మేర,
అదే దాటలేకపోయాను.

ఉలాన్‌బాతర్‌లో నేను ట్రాలీబస్సు నడుపుతాను.
పదహారేళ్లుగా
ఎర్రదీపం కనబడితే నా పాదం ఆగుతుంది.
ఎర్ర రంగు పూసిన సుర్ కనబడితే మాత్రం
(తోలుపట్టెలతో అల్లిన చిన్న డబ్బా, పిడికిలంత)
బొటనవేలు ఆగదు.
నారి ఇంకా సగం దారిలో ఉండగానే
నన్నడక్కుండా వదిలేస్తుంది.
చేతిలోంచి గిన్నె జారినట్టు.

కిందటి వేసవి పోటీల్లో
ఇరవై బాణాల్లో పదిహేడు
గడ్డిలోనే పడ్డాయి.
గురి పక్కన నిలబడ్డ న్యాయనిర్ణేతల చేతులు
పైకి లేవనే లేదు.
ఎవడో నవ్వాడు.
అది ఓర్చుకున్నాను.
వాణ్ణి ఇంకెవరో "ష్" అన్నారు చూడండి,
అది ఓర్చుకోలేకపోయాను.

దోర్జ్‌పలం దగ్గరికి వెళ్లాను.
కుట్టు ఫ్యాక్టరీలో తోళ్లు కోసి రిటైరైన మనిషి,
ఒకప్పుడు బాణం వేస్తే జిల్లా అంతా చెప్పుకునేదట.
నా విల్లు చూడలేదు. నిలబడే తీరు చూడలేదు.
"బాణాలిలా ఇవ్వు" అంది.
ఇచ్చాను.
పెట్టెలో వేసి తాళం పెట్టి
తాళంచెవి నడుముగుడ్డలో దోపుకుంది.
"వదలడం నీకు వచ్చు.
దించడమే రాదు."

ఆ చలికాలమంతా
పొయ్యి పక్కన, గోడ తివాచీకి ఎదురుగా,
లాగడం. చెవిదాకా లాగడం. ఆగడం.
తర్వాత అంతే నెమ్మదిగా
నిద్రపోయిన పిల్లను పక్క మీద పడుకోబెట్టినట్టు
నారిని దించడం.
రోజుకి ముప్ఫై.
అక్క కొడుకు బిల్గూన్ లెక్కలు చేసుకుంటూనే
నావీ లెక్కపెట్టేవాడు.
"పదకొండు. పిన్నీ, అది పదకొండు కాదు, ఊపిరి బిగబట్టావు."

ఒకరోజు ముసలామె వచ్చి
తివాచీకి ఎర్రగుడ్డ ముక్క గుచ్చింది.
నా వేలు ఎగిరిపడబోయింది.
బాణం లేని నారి వదిలితే
అమ్మమ్మ నాటి కొమ్ము విల్లు
నిలువునా చీలుతుంది.
ఆ సంగతి నాకు తెలుసు,
ఆమెకు ఇంకా బాగా తెలుసు.
ముల్లును ముల్లుతో తీసినట్టు
గురి మీది భయాన్ని
విల్లు మీది భయంతో తీస్తోంది.
చెమటలు పట్టాయి. బయట మైనస్ ముప్ఫై.
దించాను.
ఆమె ఉప్పుటీ గుటకేసి
"పాలు తక్కువయ్యాయి" అంది.

మార్చిలో బాణాలిచ్చింది, మూడే మూడు.
ఫెల్టు మూటకి మూడడుగుల దూరం.
కళ్లు మూసుకుని వేయమంది.
తర్వాత కళ్లు తెరిచి.
తర్వాత ఐదడుగులు, పది.
అన్నీ కుదిరాయనుకోకండి.
ఏప్రిల్లో దుమ్ముగాలులతో పాటు
పాత జబ్బూ తిరిగొచ్చింది.
వారం రోజులు వేలు నా మాట వినలేదు.
మళ్లీ తివాచీ, మళ్లీ ఒకటి, రెండు.
బస్సులో టికెట్ కొట్టే కుర్రాడు అడిగాడు,
ఎర్రదీపం దగ్గర స్టీరింగు వదిలి
గాలిలో ఏం లాగుతున్నావక్కా అని.

ఈ జూలై.
గీత దగ్గర నిలబడ్డాను.
ఎదురుగా తోలు గోడ, మధ్యలో ఎర్రనిది.
లాగాను.
గడ్డం దగ్గర వేలు వణికింది,
తెలిసిన వీధి మలుపులో గుర్రం మొరాయించినట్టు.
దాటించాను.
నారి చెవిని తాకింది.
ఎంత నిశ్శబ్దంగా ఉందో అక్కడ!
ఇన్నేళ్లూ ఆ గదికి గడప దాకా వచ్చి
పారిపోయానన్నమాట.

కాసేపున్నాను.
దించేశాను.

జనం గుసగుసలాడారు, ఒంట్లో బాగోలేదేమోనని.
న్యాయనిర్ణేత అరచెయ్యి అడ్డం పెట్టుకుని నావైపు చూశాడు.
వెనక ఎక్కడో దోర్జ్‌పలం దగ్గు వినిపించింది,
ఆమె నవ్వు కూడా అలాగే ఉంటుంది.

విడిచిన బాణం వెనక్కి రాదంటారు.
విడవనిది వచ్చింది,
ఇంకా నా వేళ్ల మధ్యే, వెచ్చగా.

రెండోసారి విల్లెత్తాను.
అది తగిలిందా లేదా అన్నది
పోటీల చిట్టాలో రాసి ఉంటుంది,
కావాలంటే చూసుకోండి.